ముందు నీళ్లు

నా చిన్నప్పుడు ఒక పిల్లవాడి మీద పగ పట్టాను. ఇన్నేళ్లయినా దాన్ని పూర్తిగా దించలేదు, దించాలని కూడా లేదు. క్షమించడం గొప్ప గుణమని పెద్దలంటారు. ఇప్పుడు నేనూ పెద్దదాన్నే, అయినా ఆ గుణం నాకు అబ్బలేదు. నాకు అబ్బింది పరుగు. అది కూడా ఆ పగ పుణ్యమే.

హనుమకొండలో మా పక్కింటి అమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది. పొద్దున్నే నాతో పాటు పరుగుకు వస్తుంది. చేతికి గడియారం, అది గుండె ఎంత కొట్టుకుంటుందో కూడా చెబుతుంది. గేటు దాటగానే ఎవరో తరుముతున్నట్టు పోతుంది, చెరువు కట్ట సగానికి వచ్చేసరికి నడుము పట్టుకుని కూర్చుంటుంది. నేను నా దారిన మెల్లగా ఆమెను దాటి, కట్ట చివరిదాకా వెళ్లి, తిరిగి వస్తూ ఆమెను లేపి ఇంటికి తీసుకొస్తాను. నాకు ట్రైనింగ్ ఎవరిచ్చారని మొన్న అడిగింది. మా మేనత్త ఇచ్చింది, తాడు తెంపుకుని పోయిన ఒక పోతు మేక దగ్గర మొదలుపెట్టింది అని చెబితే నవ్వింది. నవ్వనీ. నవ్విన వాళ్ల సంగతి నాకు బాగా తెలుసు.

మాది పరకాల వైపు పల్లె. మా వాడలో ప్రతి ఇంటికీ గొర్రెల మంద ఉండేది. ఎండాకాలం కుంటలన్నీ ఎండిపోతే గుట్ట కింద ఉన్న బావి ఒక్కటే దిక్కు. బావి పక్కన పొడుగాటి రాతి తొట్టి. మోటతో తోడి నింపితే ఒక మంద తాగేసరికి అడుగు కనిపించేది. ఆ బావిలో నీళ్లు ఊరడం ఆలస్యం. ముందు తాగిన మందకు తేట నీళ్లు, ఆఖరి మందకు బురద. ఈ వరస కోసం మా పెద్దవాళ్లు కర్రలతో తలలు పగలగొట్టుకున్నారట. చివరికి ఎవరో ముసలాయన ఒక కట్టడి పెట్టాడు. ఎండలు ముదరకముందు, మల్లన్న కొలుపుకు ముగ్గులు పరిచి పట్నాలు వేసిన రోజున ఇంటికొక పిల్లో పిల్లవాడో బావి దగ్గర బయలుదేరి గుట్ట వెనక్కి ఉరికి, అటునుంచి గుట్ట ఎక్కాలి. పైన మల్లన్న రాయి దగ్గర కూర్చున్న పెద్దమనిషి నొసట బండారి, అంటే దేవుడి పసుపు, పెడతాడు. అది పెట్టించుకుని ఇవతలి వైపు దిగి బావి దగ్గరికి రావాలి. ఎవరు ముందొస్తే ఆ ఎండాకాలమంతా వాళ్ల మందకే ముందు నీళ్లు. ఆ మంద కడుపారా తాగి కదిలేదాకా ఇంకెవరూ తొట్టి వైపు అడుగు వేయకూడదు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని సామెత. అది చెప్పినవాడు మా తొట్టిని చూసి ఉండడు. అక్కడ నిలబడ్డవాళ్లకు బురదే దక్కేది.

మా మందది ఎప్పుడూ ఆఖరి వరస. మా ఇంట్లో ఉరికేవాళ్లు లేరు. మా నాయన పెళ్లికి ముందే మేకలకు మండలు కొట్టడానికి చెట్టెక్కి పడ్డాడు. విరిగిన కాలు సరిగ్గా అతకలేదు, అడుగడుగుకూ ఒక పక్కకు ఒరిగి నడిచేవాడు. పిల్లల్లో నేనే పెద్దదాన్ని, ఆ నేనే ఇంకా చిన్నదాన్ని. గెలిచేది ఎప్పుడూ మా వెనకింటి పిల్లవాడు. నాకంటే కాస్త పెద్దవాడు, పొడుగు కాళ్లు, నేల మీద నిలవని ఒళ్లు.

ఒక మధ్యాహ్నం మందలన్నీ తొట్టి దగ్గర వరసలో ఉన్నాయి. మా గొర్రె ఒకటి దాహానికి ఆగలేక ముందుకు దూరితే మా నాయన దాన్ని మళ్లేయడానికి కుంటుకుంటూ వెళ్లాడు. ఆయన వెనకే ఆ పిల్లవాడు, అచ్చం ఆయనలాగే ఒరుగుతూ, ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని నడిచాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మా నాయన వెనక్కి తిరిగి చూశాడు. చూసి, తనూ నవ్వాడు. తువ్వాలతో మూతి తుడుచుకుని గొర్రెను తోలుకొచ్చాడు.

ఆ పిల్లవాడి వెక్కిరింత కంటే మా నాయన నవ్వే నా కడుపు మండించింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే, చేతికర్ర ఒక్కసారి పైకెత్తి ఉంటే నేను మర్చిపోయేదాన్నేమో. ఆ రోజు మా గొర్రెలు బురద నీళ్లు తాగాయి. నేను మాత్రం నీళ్లు ముట్టలేదు. వచ్చే పట్నాలకు మా ఇంటి తరఫున నేను ఉరుకుతానని, వాడి ముక్కు నేలకు రాయిస్తానని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాటి నుంచి తెల్లవారగానే గుట్ట వైపు ఉరకడం మొదలుపెట్టాను. ఉరకడమంటే నాకు అప్పటికి తెలిసింది ఒక్కటే, ఒంట్లో ఉన్నదంతా మొదటి అడుగులోనే పెట్టడం. వాడి మొహం తలుచుకోగానే కాళ్లు నిలిచేవి కావు. గుట్ట మొదటికి చేరకముందే డొక్కలో పోటు వచ్చేది. ఒకసారి వాంతయింది. కాలి ముందరి ఎముక మీద చెయ్యి వేస్తే చాలు, ప్రాణం పోయేంత నొప్పి. అయినా మర్నాడు మళ్లీ అంతే. మా మేనత్త, అంటే మా నాయనకు అక్క, మా ఇంట్లోనే ఉండేది. మందతో ఎక్కువగా తిరిగేది ఆవిడే. రోజూ నా అవస్థ చూస్తూనే ఉండేది.

ఆ రోజుల్లోనే పరకాల అంగడి నుంచి తెచ్చిన ఒక పోతు మేక తాడు తెంపుకుని గుట్టెక్కింది. నేను దాని వెంట పడ్డాను. అది రెండు గంతుల్లో మాయమైంది. మోకాళ్లు చీరుకుపోయి, ఏడుస్తూ తిరిగొచ్చాను. మా అత్త చద్ది మూట, తాడు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. మేక ఒక రాతి మీద నిలబడి మమ్మల్ని చూసింది. నేను ఉరకబోతే అత్త నా జబ్బ పట్టి ఆపింది.

"ఉరికితే అది ఉరుకుతది. నువ్వు మెల్లగ నడుసుకుంట రా, కని ఆగకు. దాన్ని తల దించి ఒక్క ఆకు ముట్టనీయొద్దు. గంతే."

మేక పరిగెత్తేది, కనపడకుండా పోయేది. మేము మాటలు చెప్పుకుంటూ అదే నడక. కాసేపటికి అది ఏదో పొద దగ్గర మూతి పెట్టబోతుంటే మేము ప్రత్యక్షం. మళ్లీ పరుగు, మళ్లీ మేము. అది ప్రతిసారీ ఇంకాస్త దగ్గరలోనే ఆగేది, ఇంకాస్త ఎక్కువసేపు రొప్పేది. పొద్దు వాలేసరికి ఒక బండ పక్కన మోకాళ్లు ముడిచి కూర్చుని, మేము దగ్గరికి వచ్చినా లేవలేదు. అత్త వెళ్లి, చుట్టాన్ని పలకరించినట్టు దాని మెడ నిమిరి తాడు కట్టింది. ఆ మేక కళ్లలో నాకు మా వెనకింటి పిల్లవాడు కనిపించాడు. చెప్పొద్దూ, నాకు ఎంత ఆనందం వేసిందో.

"పోరడు గూడ గిట్లనే ఉరుకుతడు బిడ్డా," అంది అత్త దారిలో. నేను ఎవరి పేరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. "నీ కోపం మంచిదే. దాన్ని మూట గట్టి నడుముల చెక్కుకో. గుట్ట దిగేటప్పుడు ఇప్పు."

అక్కడి నుంచి నా చదువు మొదలైంది. ఉరికేటప్పుడు తనతో మాట్లాడుతూనే ఉండాలనేది మొదటి షరతు. నేను మంద చుట్టూ ఉరుకుతుంటే ఆవిడ మధ్యలో కూర్చుని ఏదో ఒకటి అడిగేది. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, దాని తల్లి ఏది, నిన్న కూరలో ఉప్పు ఎందుకు ఎక్కువైంది. నా మాట తెగితే పరుగు తగ్గించమనేది. ఇంత మెల్లగా ఉరికితే వాణ్ణి ఎట్లా గెలుస్తానని నేను మూతి ముడిచేదాన్ని. ఆవిడ పట్టించుకునేది కాదు. వారంలో ఎప్పుడో ఒకనాడు మాత్రం గుట్ట మీదికి తీసుకుపోయి, ఇయ్యాల నీ ఇష్టమొచ్చినట్టు ఉరుకు అనేది. ఆ మర్నాడు నేను లేచి కూర్చున్నా బయటికి పోనిచ్చేది కాదు. గొర్రెను కూడా నెమరు వేయడానికి కూర్చోబెడతాం, నువ్వేమన్నా గొర్రె కంటే గట్టిదానివా అని కసిరేది. కాలి ఎముక నొప్పి పోయేదాకా అసలు ఉరకనే లేదు, నడిపించింది. ఒళ్లంతా నొప్పి పుడితే భయం లేదు, ఒక్క చోట ముల్లు గుచ్చినట్టుంటే ఆగాలని అప్పుడే చెప్పింది.

ఎక్కేటప్పుడు చేతులు తొడల మీద వేసి పొట్టి అడుగులతో నడవమనేది. నడిస్తే పరువు పోతుందనుకునేదాన్ని నేను. దిగేటప్పుడు వెనక్కి ఒరిగి మడమలు కొట్టొద్దని, కాళ్ల కింద కాకుండా నాలుగడుగుల ముందు నేలను చూడమని చెప్పేది. ఇవన్నీ ఇప్పుడు పక్కింటి అమ్మాయికి నేను చెబుతున్నవే. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది, మొదట్లో నిన్ను దాటి పోయేవాళ్లను పోనీయమని. ఆమెకు ఎక్కనిది కూడా అదే.

పట్నాల ముందు రోజు మా నాయన నాకోసం పరకాలలో కొత్త చెప్పులు కొనుక్కొచ్చాడు. నేను మురిసిపోయాను. మా అత్త వాటిని చూరులో చెక్కేసి, ఇవి ఎల్లుండి తొడుక్కో అంది. మర్నాడు చీకటితోనే జొన్న గట్క, మజ్జిగ తినిపించింది. మిగతా పిల్లల తల్లులు బయలుదేరే ముందు చెంబులకు చెంబులు నీళ్లు తాగిస్తుంటే నాకు రెండు గుక్కలే ఇచ్చింది.

డప్పు మోగగానే ఆ పిల్లవాడు అందరినీ వదిలేసి పోయాడు. జనం ఈలలు వేశారు. నేను అందరికంటే వెనకబడ్డాను. ఒకరెవరో, కుంటోని బిడ్డ కదా అన్నారు. విన్నాను. ఆ మాటను కూడా నడుములో చెక్కుకున్నాను.

గుట్ట వెనక్కి తిరిగేసరికి ఒక్కొక్కరే డొక్కలు పట్టుకుని ఆగిపోతూ కనిపించారు. వాళ్లతో నాకు పని లేదు. ఎక్కుడు మొదలయ్యే చోట వాడు కనిపించాడు. ఒక రాయికి ఆనుకుని రొప్పుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి పైకి ఉరికాడు. నేను తొడల మీద చేతులు వేసి నడిచాను. వాడు మళ్లీ ఆగాడు, మళ్లీ నేను. వాణ్ణి దాటగలిగీ దాటలేదు. నా అడుగుల చప్పుడు వాడికి వినపడేంత దూరంలోనే ఉండిపోయాను. వాడు ప్రతి మలుపులో వెనక్కి చూశాడు. వాణ్ణి ఒక్క గుక్క ఊపిరి నెమ్మదిగా పీల్చుకోనివ్వలేదు. నిజం చెబుతున్నాను, ఆ ఎక్కుడంత సుఖం నాకు జీవితంలో మళ్లీ దొరకలేదు.

బండారి వాడే ముందు పెట్టించుకున్నాడు. నేను పెట్టించుకుని దిగడం మొదలుపెట్టి మూట విప్పాను. తొట్టి దగ్గర నవ్వులు, మా నాయన తువ్వాలు, బురద నీళ్లు, పొద్దుటి మాట, అన్నీ ఒక్కసారి కాళ్లలోకి వచ్చాయి. సగం దిగేసరికి వాడికి పిక్క పట్టేసింది. ఒక చెయ్యి తొడ మీద వేసుకుని, ఒక పక్కకు ఒరుగుతూ దిగుతున్నాడు.

నేను పక్కకు వచ్చి, వాడి అడుగుకు నా అడుగు కలిపాను. ఇన్ని నెలలు మాట్లాడుతూ ఉరికిన గొంతు నాది, ఆయాసం లేకుండా మాట పలికింది.

"మా నాయిన నడక నీకు బాగనే వచ్చింది."

వాడు రొప్పుతూ తొడ మీది చెయ్యి తీసేశాడు. నేను దిగిపోయాను.

ఆ ఎండాకాలం మొదటి రోజు మందలన్నీ బావి దగ్గరికి వచ్చాయి. అందరికంటే ముందు మాది. మాకు కాస్త దూరంలో వెనకింటి మంద, దాని ముందు ఆ పిల్లవాడు. ఎండ మాడ్చేస్తోంది, వాళ్ల గొర్రెలు నాలుకలు చాపి అరుస్తున్నాయి. మా నాయన తొట్టి వైపు కదిలాడు. ఎప్పుడూ నడిచే నడక కాదు అది. ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని, ఉన్నదానికి రెండింతలు ఒరుగుతూ, అడుగు తీసి అడుగు వేయడానికి ఒక యుగం తీసుకుంటూ నడిచాడు. ఆ పిల్లవాడు నిరుడు చేసి చూపించిన నడక. అచ్చం అదే. ఒక్కరూ నవ్వలేదు.

నాకు అర్థం కాక, జల్ది నడువు నాయినా అన్నాను.

"ఎందుకే తొందర? ఇయ్యాల సూడనీ," అన్నాడు మా నాయన, ఆ పిల్లవాడి వైపు చూస్తూ.

నిరుటి నవ్వు చేతకాని నవ్వని అనుకున్నాను. కాదు. ఆయన కూడా నాలాగే మూట కట్టుకున్నాడు, ఆయనకు ఉరికే కాలు లేదంతే. ఆ ఎండాకాలమంతా ఆయన అట్లాగే నడిచాడు. మా గొర్రెలు తేట నీళ్లు తాగినంతసేపూ ఆ పిల్లవాడు ఎండలో నిలబడి చూశాడు.

ఆ పిల్లవాడు ఇప్పుడు తొర్రూరులో ఉంటున్నాడు, మోకాళ్లు అరిగాయట. పెళ్లిళ్లలో కనిపిస్తే కుర్చీలోంచి లేవలేడు. నేను మాత్రం పలకరించకుండా రాను. పందిరి ఈ చివర ఉన్నా సరే, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆయన దగ్గరికి ఉరికి వెళతాను, ఆయాసం లేకుండా బాగోగులు అడుగుతాను.

ఇప్పుడు కట్ట మీద కుర్రవాళ్లు నన్ను దాటి పోతుంటే పోనిస్తాను. నా అడుగుల చప్పుడు వాళ్ల వెనక వినిపిస్తూనే ఉంటుంది. చివరి మలుపులో వాళ్లను దాటి నేను ముందుకు వచ్చాక, వెనక నుంచి జర జల్ది ఆంటీ అని ఎవరైనా అరిస్తే మాత్రం నేను తొందరపడను. ఒక చెయ్యి తొడ మీద వేసుకుని, మా నాయన నడిచినట్టు నాలుగడుగులు ఒరుగుతూ నడుస్తాను. చూసేవాళ్లను చూడనిస్తాను.