నీడలో పడిన మంచు

పక్కన కూర్చున్న మనిషి గుండెలో ఏముందో మీకు తెలుసా? తెలుసని ప్రమాణం చేస్తారా? నేను చేశాను. పాస్టరుగా నిలబడి, సంఘమంతా వింటుండగా, గొంతు చించుకుని మరీ చేశాను. పోయిన మంగళవారం పొద్దున వనపర్తి నుంచి ఫోను వచ్చింది. మా బావ, మా అక్క పెనిమిటి, నిద్రలోనే పోయాడు. అప్పటినుంచి బైబిలు ఎక్కడ తెరిచినా అక్షరాలు నిలబడటం లేదు.

బావది హైదరాబాదులో ఉద్యోగం. ఉపగ్రహం తీసిన హిమాలయాల బొమ్మలు ముందేసుకుని, మంచు ఎంత మేర పరుచుకుందో గీతలు గీసేవాడు. ఎండాకాలం ఆ మంచు కరిగితే నదుల్లోకి ఎన్ని నీళ్లు వస్తాయో దాన్ని బట్టే చెబుతారట. వానమబ్బు కోసం మెడలు పట్టేసేదాకా చూసే మా నేలలో పుట్టి, ఇదేం పనో నాకు అర్థమయ్యేది కాదు.

"ఎన్నడన్న మంచు ముట్టుకున్నవా బావా?"

"ముట్టుకున్న. మీ అక్క ఫ్రిజ్జుల."

పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు చొక్కా జేబులో వేసుకునేవాడు. ఉతికే రోజు అక్క తిట్లు లంకించుకునేది.

రిటైరై వనపర్తి వచ్చాక ఆయన దగ్గర పాత బొమ్మ ఒకటి అడిగి తీసుకున్నాను. మంచు నిధులు చూశావా అని దేవుడు మనిషిని అడిగే చోటు బైబిల్లో ఉంది కదా, ఆ ఆదివారం గోపాల్‌పేటలో మా మందిరంలో నా ప్రసంగం దాని మీదే. బొమ్మ పైకెత్తి, అన్నిటికంటే పెద్ద తెల్లమచ్చ మీద వేలు పెట్టి, "ఇవిగో దేవుని నిధులు!" అని గర్జించాను. కూటమంతా ఆమెన్ అంది. వెనక వరసలో బావ తల వంచుకుని నవ్వుతున్నాడు.

బయటికొచ్చాక మెల్లగా అన్నాడు: "నువ్వు చూపెట్టింది మబ్బు, బామ్మర్ది."

"తెల్లగుంటే మంచు గాదా?"

"మబ్బు గూడ తెల్లగనే ఉంటది. ఒక్క బొమ్మ చూసి పేరు పెట్టొద్దు."

ఇంటికి తీసుకెళ్లి అదే చోటుది ఇంకో బొమ్మ చూపించాడు. కంటికి ఆనని వెలుగులో తీసిందట. అందులో మబ్బు తెల్లగానే ఉంది, మంచు నల్లగా ఉంది! కొండ నీడ పడిన చోట మాత్రం సన్నని పెన్సిలు గీతలు. పక్కన "తెల్వదు" అని రాసి ఉంది.

"జీతం తీసుకొని తెల్వదు అని రాస్తవా?"

"నీడల ఏమున్నదో కనబడలే. ఉన్నదంటే అబద్ధం, లేదంటే గూడ అబద్ధమే."

నవ్వి ఊరుకోవాల్సింది. నాకు రోషం వచ్చింది. తర్వాతి ఆదివారం అందరి ముందు నిలదీశాను, దేవుణ్ణి నమ్ముతావా లేదా అని. "నాకింకా తెల్వదు బామ్మర్ది" అన్నాడు. ఈ మనిషికి పరలోకం లేదని ప్రకటించేశాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం అక్కను బస్సులో తీసుకొచ్చి, తను మందిరం గుమ్మం బయట కూర్చునేవాడు. నేను పక్కనుంచే నడిచిపోయేవాణ్ణి. రెండేళ్లు. రేపు మాట్లాడదాం, రేపు మాట్లాడదాం అనుకుంటూనే.

మట్టి ఇచ్చి వచ్చాక అక్క ఆ రెండో బొమ్మ తెచ్చి నా ముందు పరిచింది.

"మీ బావ యాడున్నడు తమ్మీ? గప్పుడు అందరి ముందట చెప్పినవ్ గద. ఇప్పుడు నాకు చెప్పు."

గుమ్మం బయట రెండేళ్లు కూర్చున్న మనిషి నమ్మినట్టా, నమ్మనట్టా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"నాకు తెల్వదక్కా. గప్పుడు గూడ తెల్వదు."

అక్క కొండ నీడలో ఆయన గీసిన గీతల మీద వేలు పెట్టి, ఒక్కో గీతే తడుముతూ కూర్చుంది.

చదువుతున్న వారలారా, మీరు పేరు పెట్టి గుమ్మం బయట కూర్చోబెట్టిన మనిషి ఎవరు? రేపు అనకండి. ఈ కాగితం పక్కన పడేసి లేవండి. పొద్దు గుంకకముందే పోయి, నాకు తెలియక అన్నానని చెప్పి, చెయ్యి పట్టి లోపలికి తీసుకురండి. చెప్పులు కనబడకపోతే ఉత్త కాళ్లతోనే పోండి.