రైలు రాని స్టేషన్ల నిద్ర

ఒకప్పుడు రోడ్ల మీద పండుకున్నోళ్ళకు నేను మేడ్చల్ల ఆదివారం ఆదివారం ఫొటోలు తీసుడు నేర్పుత. ఇయ్యాల వాళ్ళను శామీర్‌పేట దిక్కు, పెండ్లికి ముందు జంటలు ఫొటోలు దిగే సెట్టింగుకు తోల్కపోయిన. ఆడ ఉత్తుత్త రైల్వే స్టేషన్ కట్టిన్రు. బెంచీ, గడియారం, పట్టాలు అన్నీ ఉన్నయి, రైలు ఒక్కటే లేదు.

మా యాదగిరన్న శానా ఏండ్లు అల్వాల్ స్టేషన్ల పండుకున్న మనిషి, ఇప్పుడు షెల్టర్ల ఉంటుండు. బెంచీ జూడంగనే కెమెరా తలకింద వెట్టుకొని ఒరిగిండు. జర సేపట్ల గుర్రు మొదలైంది.

సెట్టింగు వాచ్‌మన్ ఉరికొచ్చి కట్టెతోని బెంచీ మీద కొట్టిండు. "లే లే, స్టేషన్ల పండుకోవద్దు."

యాదగిరన్న లేసి కండ్లు నలుపుకున్నడు. "రైలు ఎప్పుడొస్తది తమ్మీ?"

"ఇది సెట్టింగు. రైలు రాదు."

"మరి నన్నెందుకు లేపినవ్?"

వాచ్‌మన్ కట్టె కిందికి దించిండు. "డ్యూటీ గదా."

"అయితే ఆడనే నిలబడు. నన్ను మస్తుమంది లేపిన్రు గని, ఒక్కని ఫొటో గూడ లేదు నాతాన."

వాచ్‌మన్ టోపీ సదురుకొని, కట్టె లేపి, నవ్విండు. "నవ్వకు, నిజంగ లేపినట్టుండాలె" అన్నడు యాదగిరన్న. ఫొటో మంచిగొచ్చింది. ఇంట్ల సూపెడతనని వాచ్‌మన్ వాట్సాప్‌ల వంపిచ్చుకున్నడు. ఆ సంబురంల, "ఇగ పండుకోయే, నేను లేపను" అన్నడు.

"వద్దు తమ్మీ. లేపేటోడు లేకుంటె నాకు స్టేషన్ల నిద్రవట్టదు."

నేను వెలుగు నీడల పాఠం చెప్దామని పోయినోణ్ణి. గా మాట ఇన్నంక ఇంకేం చెప్పాల్నో మీకేమన్న దోస్తే కింద రాయున్రి.