తళతళలూ నిదానమూ

ఆ రోజుల్లో వెబ్‌సైట్ అంటే కదలాలి. కదలనిదాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. అక్షరాలు తెరమీద ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాలి, వెనక నక్షత్రాలు మిణుకుమనాలి, ‘కొత్తవి’ అన్న మాట ఆరుతూ వెలుగుతూ ఉండాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిప్లొమా చేతబట్టుకుని బందరులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో చేరిన నాకు ఇవన్నీ చెయ్యడం వచ్చు. వాటివంక చూడడమే చేతకాదు. కాసేపు చూశానంటే ఎడమ కంటి అంచున వెండి గీతల్లాంటివేవో మెరుస్తూ పెరిగేవి; ఆ తర్వాత సగం తల పగిలిపోయేది. మెరిసే దీపాలకు దూరంగా ఉండమన్నారు డాక్టరుగారు. దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగానికి దూరంగా ఉండలేక, ఆ మాట సెంటర్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ వేసిన శొంఠి పట్టు సరిగ్గా కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చేదాన్ని. (నా నుదురు చూసి మహా భక్తురాలిననుకుని, పరీక్ష ఫలితాలు చూసుకోవడానికొచ్చిన పిల్లలు హాల్‌టికెట్ నంబరు నన్నే కొట్టమనేవారు, చెయ్యి మంచిదని.)

సెంటరు నాన్నగారి స్నేహితుడిది. బాబాయ్ అని పిలిచేదాన్ని. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల దుకాణం ఉన్న ఒకాయన తన నగలను ఇంటర్నెట్లో పెట్టమని బాబాయికి అప్పజెప్పారు. జేబులో ఎప్పుడూ నమూనాకి ఒక హారం ఉండేది కనుక ఆయన మాకు హారంగారు. చూస్తే కళ్ళు జిగేల్‌మనాలని ఆయన కోరిక. జిగేల్‌మనిపించే పని నాది. నాన్నగారి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తెరమీద గిరగిరా తిరుగుతున్న హారానికి అట్టముక్క అడ్డం అంటించి పని చేసుకుంటుంటే, ఒకరోజు బాబాయి వెనకనుంచి చూశారు. ఇక దాచలేక ఉన్నది చెప్పేశాను. ఆయన చాలాసేపు ఆలోచించి, పాపం, నా మంచికోరే నన్ను జిరాక్స్ మిషన్ దగ్గరకు మార్చారు. (దాని మూత సరిగ్గా పడేది కాదు. కాగితానికొక మెరుపు.) సాయంత్రానికి నేనే వెళ్ళి బతిమాలాను: మెరుపుల పేజీ అలాగే ఉంచి, దాని పక్కన నాలాంటివాళ్ళు చూడగలిగే రెండో పేజీ చేస్తానని.

అది చేసినన్నాళ్ళూ నాకు తలనొప్పి రాలేదు. మరీ తెలుపు కాకుండా పాలమీగడ రంగు. దానిమీద ముదురు గోధుమరంగు అక్షరాలు, కాస్త పెద్దవి. ఒక చోట ఒకే నగ. మనం నొక్కితే తప్ప ఏదీ కదలదు. బాబాయి చూసి నిట్టూర్చారు. “బాగానే ఉందిగానీ అమ్మాయ్, పెద్దకర్మ కార్డులా ఉంది” అన్నారు.

హారంగారు వచ్చి మెరుపుల పేజీ చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. రెండోదాని కోసం అడుగున ఎక్కడో చిన్న బటన్ పెట్టుకోమన్నారు. అక్కడే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“అడుగున పెడితే లాభం లేదండీ. మెరుపులు చూడలేనివాళ్ళు ఆ మెరుపులన్నీ దాటుకుని అక్కడికి రావాలి. ముందసలు ఏదీ కదలకూడదు. ఏది కావాలో వాళ్ళని అడిగాకే కదలాలి.”

“చూడలేనివాళ్ళు ఎవరుంటారమ్మా?”

“నేనున్నానండీ.”

బాబాయి బల్లమీద సర్దనక్కర్లేని కాగితాలు సర్దడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. హారంగారు మాత్రం అసలేమవుతుందో చెప్పమన్నారు. వెండి గీతలు, కడుపులో తిప్పడం, చీకటి గదిలో పడుకోవాలనిపించడం, అన్నీ చెప్పాను. ఆయన మొహంలో మురిపెం మెల్లగా తగ్గిపోయింది. వాళ్ళావిడ దుకాణానికొస్తే సీరియల్ బల్బులు ఆర్పెయ్యమంటుందట. ఆర్పకపోతే మొహం ముడుచుకుని ఇంటికెళ్ళిపోతుందట. తన వ్యాపారం ఆవిడకు గిట్టదని ఆయన పెళ్ళయినప్పటినుంచీ బాధపడుతున్నారట.

“వెండి గీతలని తనూ ఏదో చెప్పేదమ్మా” అన్నారు. “ఇంట్లోకి వెండి కొనమని దెప్పుతోందనుకున్నాను.”

అలా మొదటి పేజీ కదలకుండా నిలబడింది. దానిమీద రెండు బటన్లు, తళతళలు, నిదానం. పేర్లు హారంగారే పెట్టారు. (తెలుగు అక్షరాలు అప్పట్లో అందరి కంప్యూటర్లలోనూ కనబడేవి కావు, బొమ్మలుగా చేసి అతికించాను.) తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన వాళ్ళావిడను వెంటబెట్టుకొచ్చారు. బాబాయి ట్యూబ్‌లైటు ఆర్పి, కిటికీ తెరిచారు. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఒక్కొక్క నగనూ తీరిగ్గా, తెరకు దగ్గరగా వంగి చూశారు. చివరికి వెనక్కి తిరిగి, “మన నగలు బాగున్నాయండీ” అన్నారు. హారంగారు సోడాలు తెస్తానని మెట్లు దిగిపోయారు.

ఆ గర్వంతో ఇంటికెళ్ళి అమ్మకు మొత్తం చెప్పాను. నేను చేసిన పేజీలో ఏదీ కదలదని, ఏదీ మెరవదని, మరీ మరీ చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, ఏమీ చెయ్యనిదాన్ని చెయ్యడానికి అన్నాళ్ళు పట్టిందా అని అడిగింది. ఆ పూట అలిగి అన్నం మానేశాను. ఇన్నేళ్ళుగా నేను బతుకుతున్నది అలాంటి పేజీలు చేసే పనిమీదే. మొన్న ఆఫీసు మీటింగులో ఒక కుర్రాడు సరిగ్గా అదే ప్రశ్న వేశాడు. నాకు నవ్వొచ్చింది. ఆకలి కూడా వేసింది. ఈసారి అలక్కుండా వెళ్ళి శుభ్రంగా భోంచేశాను.