ఒట్టు తమ్ముడు తిండి మానేసిన వేసవి

ఒక పాము తిండి మానేస్తే, దాన్ని పెంచుకున్న మనిషి నాలుక మీద కూడా రుచి ఎందుకు చచ్చిపోతుంది? పాము ఎందుకు మానేసిందో చివరికి తెలిసింది. మహ్రూస్ ఎందుకు మానేశాడో మాత్రం అతని భార్య నబవియ్యకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అడిగితే, "ఆ ఏడు నీ వంట బాలేదు" అని మాట తప్పిస్తాడు.

వాళ్ళది ఈజిప్టులో గీజాకు పడమరన, కాలువ నీళ్ళు అందే చివరి పొలం దాటాక ఇసుక మొదలయ్యే చోటున్న ఊరు. రిఫాయీ పీరును నమ్ముకున్న పాములవాళ్ళ ఇల్లు. ఎవరింట్లో పాము కనబడినా మహ్రూస్‌కే కబురొచ్చేది. అతను వెళ్ళి గోడలు వాసన చూసేవాడు, చేతికర్రతో నేల తట్టేవాడు, పీరు పేరు చెప్పి బయటికి రమ్మని పామును గట్టిగా పిలిచేవాడు. రాకపోతే కన్నంలో చెయ్యి పెట్టేవాడు. ఇల్లు గడిచేది ఆ చేతి మీదే.

ఆ చేతికి కాపలా ఇంకో పాము. ఈ వంశంలో మగవాడు పెద్దల ముందు పీరు పేర ఒట్టు వేసిన రోజున మొదట పట్టిన పామును అమ్మడు, చంపడు. ఇంట్లోనే ఉంచుకుని తమ్ముడూ అని పిలుస్తాడు. తమ్ముడు ఇంటి తిండి తింటున్నంత కాలం ఏ కన్నంలో చెయ్యి పెట్టినా భయం లేదు. తినడం మానేశాడా, ఒట్టు వెనక్కి ఇచ్చేసినట్టే. మహ్రూస్ చిన్నాన్న ఆ సంగతి లెక్కచెయ్యకుండా పనికి వెళ్ళి, గాడిద బండి మీద తిరిగొచ్చాడని, మాట్లాడే స్థితిలో లేడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మహ్రూస్ తమ్ముడు విషం లేని ఇసుక పాము. తోక కూడా తలలాగే మొద్దుగా ఉండి, ఏది ముందో ఏది వెనకో చప్పున తెలియని రకం. కూతురు జీనత్ పాకే రోజుల్లో దొరికింది. జీనత్‌కు పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలిన బిడ్డ అదే. రొట్టెల పొయ్యి గోడకు ఆనించిన చెక్కపెట్టెలో, ఇసుకలో కూరుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి ఉండేది. చిట్టెలుక అడుగు ఇసుక మీద పడిందో లేదో, పట్టేసేది.

ఆ వసంతంలో మహ్రూస్ ఒక కొనుగోలుదారు కోసం ఇంకో ఇసుక పామును పట్టాడు. దాని పెట్టె మూత విరిగితే బాగయ్యేదాకా తమ్ముడి పెట్టెలోనే ఉంచాడు. "చుట్టం వచ్చాడ్రా, సర్దుకో" అన్నాడు. తర్వాత కొనుగోలుదారు వచ్చి పట్టుకుపోయాడు. ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

ఎండలు ముదిరాక ఒకరోజు చిట్టెలుక పెట్టెలో అటూ ఇటూ తిరిగి, పాము తల మీదుగానే నడిచి వెళ్ళింది. పాము కదల్లేదు.

"కుబుసం విడవబోతున్నాడు. అప్పుడు నాకూ ఎవరి మొహం చూడబుద్ధి కాదు" అన్నాడు మహ్రూస్.

"నువ్వు కుబుసం విడిచి ఎన్నేళ్ళయిందో ఆ చొక్కా చూస్తేనే తెలుస్తోంది. విప్పి ఇటు పడెయ్యి, ఉతుకుతాను."

పాము కుబుసం విడిచింది కూడా. కళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. అయినా తినలేదు. ఎండ ఎక్కువైందేమోనని మహ్రూస్ పెట్టెను నీడలోకి మార్చాడు. పాము పెట్టె గోడలకు రాసుకుంటూ తిరిగింది. మళ్ళీ పొయ్యి గోడ దగ్గర పెట్టాడు. ఇసుక మార్చాడు, చిట్టెలుకకు బదులు బల్లిని వేశాడు. గంటకోసారి చేతిలోకి తీసుకుని, "ఏరా, నా మీద అలిగావా" అని అడిగేవాడు. తన పళ్ళెంలో రొట్టె ముక్క మాత్రం అలాగే ఎండిపోయేది.

నబవియ్య పాము ముఖం కన్నా మొగుడి ముఖమే ఎక్కువ చూసేది. ఆమె భయమంతా గుమ్మం దగ్గర మొదలైంది. పాము పని మీద వెళ్ళేవాడు ఇంట్లో చెప్పి వెళ్ళడు. చెప్పడమంటే సెలవు తీసుకోవడం. సెలవు తీసుకుంటే, తిరిగి వస్తానో రానో అని తనే అనుమానపడ్డట్టు. పెళ్ళయిన కొత్తలో ఇది తెలియక ఆమె అలిగి ఏడ్చింది. తర్వాత అలవాటైపోయింది. సగం తాగిన టీ గ్లాసు, గోడకు సంచి లేని మేకు కనబడితే, ఓహో వెళ్ళాడన్నమాట అనుకునేది.

అలాంటి మనిషి ఒక ఉదయం సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు.

"వెళ్ళొస్తా, జీనత్ వాళ్ళమ్మా. తలుపు గడియ పెట్టుకో."

ఆమె చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. అతను తిరిగి వచ్చేదాకా రొట్టె వెయ్యలేదు. క్షేమంగానే వచ్చాడు. సంచి మూతి కట్టేటప్పుడు మాత్రం అతని వేళ్ళు తాడును రెండుసార్లు జారవిడిచాయి. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా చెప్పే వెళ్ళాడు.

సంగతి పెద్దింటికి తెలిసింది. మహ్రూస్ అన్న షేక్ బయూమీ వచ్చి పెట్టె చుట్టూ సాంబ్రాణి పొగ వేసి, చాలాసేపు ప్రార్థనలు చదివాడు. పాము ఇసుక అడుగుకు దిగిపోయింది.

"ఈ ఇంట్లో ఎవరో అబద్ధం ఆడారు. అబద్ధం ఉన్న ఇంట్లో తమ్ముడు తిండి ముట్టడు" అని తేల్చాడు షేక్.

అందరి కళ్ళూ నబవియ్య మీదకు తిరిగాయి. ఆమె రెండు రోజులు తన అబద్ధాలన్నీ తవ్వుకుంది. వియ్యపురాలి వంట మెచ్చుకున్నది ఒకటి. కాలు నొప్పని చెప్పి ఒకరి చావు దినానికి వెళ్ళకపోవడం ఇంకొకటి. చివరికి చక్కెర పొట్లం పట్టుకుని తోటికోడలు ఇన్సాఫ్ గుమ్మం ఎక్కింది.

"అక్కా, పండక్కి నువ్వు చక్కెర అడిగితే లేదన్నాను చూడు. అప్పుడు ఇంట్లో ఉంది."

ఇన్సాఫ్ పొట్లం అందుకుని బరువు చూసింది. "ఉందని నాకు అప్పుడే తెలుసులే. నీ మొగుడి మీసాలకి బాసిమా మిఠాయి పాకం అంటుకుని ఉంది. అయినా ఇదేంటే, ఇంతేనా? నేనడిగింది గిన్నెడు."

"పాముకి గిన్నె లెక్కలు తెలియవులే అక్కా, తీసుకో."

"నాకు తెలుసుగా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే నబవియ్య కళ్ళు తుడుచుకుంది. పాము మాత్రం ఆ రోజూ తినలేదు.

ఆ వారంలోనే, ఖర్జూరాలు కోతకొచ్చే వేళ, పెద్ద రైతు ఇంటి నుంచి మనిషి వచ్చాడు. వాళ్ళ పావురాల గోపురంలో తాచు దూరిందట, పావురం పిల్లల్ని ఒక్కొక్కటిగా మింగుతోందట. గోపురం లోపల గోడ నిండా మట్టి కుండలు, మూతులు లోపలికి తిరిగి ఉంటాయి. ఏ కుండలో పావురం ఉందో, ఏ కుండలో పాముందో చీకట్లో తెలియదు. ఒక్కో కుండలో చెయ్యి పెట్టి చూసుకోవలసిందే.

"రేప్పొద్దున వస్తానని చెప్పు" అన్నాడు మహ్రూస్.

ఆ మనిషి వెళ్ళగానే నబవియ్య విరుచుకుపడింది. "నీకు మతి పోయిందా? సంచి మూతికి తాడే కట్టలేకపోతున్నావు. అన్నగారిని పంపు."

"అన్నకు చీకట్లో చూపు ఆనదు."

"అయితే పావురాల్ని తిననీ ఆ పాముని! ఎవరి పావురాలకు ఎవరి చెయ్యి?"

"రానంటే మహ్రూస్ ఒట్టు పోయిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవరు పిలుస్తారే నన్ను?"

మర్నాడు ఉదయం అతను పెరట్లో కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే, ఆమె రొట్టెలకు పొయ్యి రాజేసింది. గోడ వేడెక్కగానే పెట్టెలో ఇసుక కదిలింది. పాము మెల్లగా పైకి తేలి, నడుము కింది భాగాన్ని పొయ్యి వైపు చెక్కకు అదిమి పడుకుంది. అన్నాళ్ళ నుంచి తిండి లేని ప్రాణి వీపు మీద ఎముక తేలింది గానీ, వెనక సగం మాత్రం నిండుగా ఉంది.

నబవియ్య చేతిలో పుల్ల ఆగిపోయింది. జీనత్ కడుపులో ఉన్నప్పుడు తనూ ఇదే గోడకు వీపు ఆనించి కూర్చునేది. కూర వాసన తగిలితే చాలు, పెరట్లోకి పరిగెత్తేది. అత్తగారు ఎంత బతిమాలితే అంత కడుపులో తిప్పేది.

ఒట్టు తమ్ముణ్ణి ఎవరూ వెల్లకిలా తిప్పరు. ఎవడు తెచ్చిన పామునైనా ఆడదో మగదో ఒక్క చూపులో చెప్పే మహ్రూస్ కూడా దీన్ని ఎన్నడూ తిప్పలేదు. "తమ్ముడి బట్టలు విప్పి చూస్తామా" అనేవాడు. నబవియ్య పెరటి వైపు ఒకసారి చూసింది. బిస్మిల్లా అనుకుని రెండు చేతులతో పామును ఎత్తింది. అది బరువుగా, వెచ్చగా ఉంది. మెల్లగా తిప్పింది. కొనేవాళ్ళకు మహ్రూస్ చెప్పే మాట ఆమె ఎన్నిసార్లు విందో: మలద్వారం దాటాక తోక పొడుగ్గా ఉంటే మగది, పొట్టిగా ఉంటే ఆడది. ఇక్కడున్నది బొటనవేలంత తోక.

మహ్రూస్ సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "జీనత్ వాళ్ళమ్మా, వెళ్ళొ..."

"ఆ మాట అనకు!" ఆమె గడప మీద అడ్డంగా నిలబడింది. "నీ తమ్ముడు అలగలేదయ్యా. నీళ్ళోసుకుంది."

"ఏంటీ?"

"వసంతంలో చుట్టాన్ని తెచ్చి దాని పెట్టెలో పెట్టావే, ఆ చుట్టం చేసి వెళ్ళిన పని. పోయి చూసుకో. నేను తిప్పి చూశాను. తిట్టదలుచుకుంటే సాయంత్రం వచ్చాక తిట్టు."

అతను తిట్టలేదు. సంచి దించకుండానే పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, దాన్ని తిప్పాడు. బొటనవేలితో పొట్ట కింద నిమిరాడు. అతని వేలి కింద ఏదో చిన్నగా, వరసగా మెదిలింది.

"ఇన్నేళ్ళూ ఏరా, ఒరేయ్ అన్నానే దీన్ని" అన్నాడు.

"పలికిందిగా! ఇంకేం?"

"తమ్ముడనుకుని ఇచ్చిన ఒట్టే. చెల్లెలికి చెల్లుతుందంటావా?"

నబవియ్యకు అది తెలియదు. షేక్ బయూమీకి కూడా తెలిసి ఉండదు. అయినా ఆమె తడుముకోలేదు.

"చెల్లెలికిచ్చిన మాట ఇంకా గట్టిది" అంది. ఇది అబద్ధమైతే ఎవరింటికి ఏ పొట్లం మోసుకెళ్ళాలో అని లోలోపల అనుకుంది.

మహ్రూస్ పామును ఇసుకలో, పొయ్యి వైపే పడుకోబెట్టాడు. పొయ్యి గట్టు మీది నిన్నటి రొట్టె ఒకటి అందుకుని, రెండుగా చింపి, ఉప్పు కూడా అడక్కుండా నములుతూ నిలబడ్డాడు. ఆమె టీ కలపడానికి వెనక్కి తిరిగింది. చక్కెర డబ్బా అడుగున గరిట గీకింది. ఉన్నదంతా ఇన్సాఫ్ ఇంట్లో ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"చక్కెర లేదు, ఇలాగే తాగుతావా?" అంటూ గ్లాసు పట్టుకుని వచ్చింది.

గుమ్మం ఖాళీగా ఉంది. మేకుకు సంచి లేదు. పొయ్యి గట్టు మీద కొరికిన రొట్టె అంచు మాత్రం ఉంది. వీధిలో చేతికర్ర చప్పుడు పావురాల గోపురం వైపు పోతోంది. వెళ్తున్నానని అతను చెప్పలేదు.