మాస్టర్ గీయని చెయ్యి

మా డిజైన్ మాస్టర్ పోయారని మొన్న ఉదయం ఆయన కొడుకు ఫోన్ చేశాడు. కరోనా. నాకూ జ్వరంగా ఉండడంతో చివరిచూపుకు వెళ్లలేకపోయాను. ఆ బాధ తీరక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సూరత్‌లో, వడోద్‌లోని ఒక ఇరుకు గదిలో, జకార్డ్ మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గళ్ల కాగితం మీద గీయడం నాకు నేర్పింది ఆయనే. ఒక్క చుక్క తప్పినా కాగితం చింపేసేవారు. ఆ వెంటనే చాయ్ తెప్పించేవారు.

ఒకసారి సూరత్‌లోనే పర్వత్ పాటియాలో పాత కాగితాల దుకాణంలో ఆయనకు ఒక బొమ్మల కట్ట దొరికింది. మూడు, నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో రాగి రేకుల మీద గీతలు చెక్కి అచ్చువేసిన బైబిలు కథల బొమ్మలకు నకళ్లవి. ఆ కథలు ఆయనకు తెలియవు, అక్కర్లేదు కూడా. పోగులు లెక్కపెట్టే భూతద్దంతో గీతలే చూసేవారు.

"రంగు ఒక్కటే. గీత మీద గీత, పడుగు మీద పేక లెక్క. నీడ ఎట్లచ్చిందో జర సూడు" అనేవారు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాక, అందులో ఒక బొమ్మను గుడ్డ మీదికి తేవాలని కూర్చున్నారు. ఆ బొమ్మలో ఒక ముసలాయన తల వెనక్కి వాల్చి ఉన్నాడు. పోలికలను బట్టి ఆయన కొడుకే, వంగి ఆయన కంటికి ఏదో చేస్తున్నాడు. మాస్టర్ తండ్రిని గీశారు, పక్కనున్న కుక్కనూ గీశారు, కొడుకు చేతిని మాత్రం వదిలేశారు.

"కన్నతండ్రి కండ్లు పొడిసే చెయ్యి నా గుడ్డ మీదికి రాదు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అప్పటికే ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయిద్దామన్నందుకు "నా కండ్లల్ల కత్తి పెట్టిస్తవా?" అని కొడుకుతో ఏడాదిగా మాటలు మానేశారు. కొడుకు ఊరి అవతల ఇచ్ఛాపూర్‌లో వేరే ఉండేవాడు. చూపు పోతే మాస్టర్‌కు పని లేదు, పని లేకపోతే ఆయన లేరు. అదీ నా భయం.

ఆ కథేమిటో ఫోన్‌లో వెతికి చెప్పాను. "మాస్టర్, అది పొడుసుడు కాదు. తండ్రికి కండ్లు కనవడవు. కొడుకు చేప పిత్తం పెట్టి చూపు తెప్పిస్తుండు."

"ముందుగాల జెప్పొద్దారా!" అని నన్నే తిట్టారు. ఆ చేతిని గీయడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నా ఫోన్ తీసుకుని కొడుకుతో మాట్లాడారు. "ఏ దవాఖాన అన్నవ్‌రా?"

ఆసుపత్రుల్లో మామూలు ఆపరేషన్లు మళ్లీ మొదలయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. చలికాలంలో ఒక కంటికి చేశారు. కట్టు విప్పినప్పుడు నేనూ ఉన్నాను. కొడుకు ఎదురుగా నిలబడి మాస్కు కిందికి లాగాడు. మాస్టర్ చాలాసేపు చూశారు.

"గడ్డం గింత ఎప్పుడు నెరిసిందిరా?"

మాస్టర్ చెయ్యి చాచి, ఆ తెల్ల వెంట్రుకలను వేలితో ఒక్కొక్కటే పక్కకు తీసి చూస్తున్నారు.