మా ఇంటి వంతు రొట్టె

మా చర్చి సంఘంల నా మీద ఒక కథ నడుస్తది. ఒక ఆదివారం నేను మైకు ముందల నిలబడి, బోరున ఏడ్చి, నా పాత బతుకును విడిచిపెట్టిన అని చెప్పిన్నట. గంతే, ఆ గడియ నుంచి నేను మారిపోయిన్నట. కొత్తగ చేరినోళ్లకు నన్ను దూరం నుంచి చూపిస్తరు. "ఆ కండ్లద్దాలామె లేదా, కాలేజీల సివిక్స్ చెప్తది, ఆమె బతుకుల ప్రభువు ఎంత గొప్ప కార్యం చేసిండో ఎరుకేనా?"

కార్యం జరిగింది నిజమే. వీళ్లు చెప్పేది మాత్రం కాదు. నేను ఏడ్వలే. దేన్నీ విడిచిపెట్టలే. నేను విడిచిపెట్టిన్నని వీళ్లు చెప్పుకునే మనిషి, నేను ఇది రాస్తుంటె వంటింట్ల నుంచి టీ చల్లారిపోతోందని అరుస్తున్నది.

ఇంకో కథ కూడ ఉన్నది. అది ఊరికి ఆ పక్కనుండే నా దోస్తులు చెప్పేది. ఆడోళ్లను ప్రేమించే ఆడోళ్లం, ఇంకా మా తీరు మనుషులం, అప్పుడప్పుడు ఒకరింట్ల కూడుతం. చర్చి నిన్ను తొక్కింది, నువ్వు బయటికొచ్చి ఊపిరి పీల్చుకున్నవ్ అంటరు వాళ్లు. బయటికేడ వచ్చిన, పోయిన వారం కూడ పోయిన కదా అంటె ఒకల మొహం ఒకలు చూసుకుంటరు. ఒక చిన్న పిల్లయితె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇది ట్రామా, మనసుకు తాకిన పాత దెబ్బ" అన్నది.

"ట్రామా కాదు తల్లీ, ఆదివారం" అన్న.

దేవుని పేరెత్తే చోట నన్ను చూసి మొహం మాడ్చుకుంటరు. నన్ను నన్నుగ ఒప్పుకునే చోట దేవుని పేరెత్తితె మొహం మాడ్చుకుంటరు. ఇద్దరితోటి విడివిడిగ వాదించే ఓపిక పోయింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మాది కంచన్‌బాగ్ వెనకాల గల్లీ. బాపు ఫ్యాక్టరీల ఫిట్టరు. ఉన్నన్ని రోజులు పొద్దుగాల్ల ఫ్యాక్టరీ బస్సు తప్పలే, ఆదివారం చర్చి తప్పలే. రేకుల షెడ్డు నుంచి స్లాబు దాకా ఆ చర్చిని కట్టినోళ్లల్ల మా బాపు ఒకడు. ఇటుకలు మోసిండు, తలుపులకు గొళ్లాలు బిగించిండు. నచ్చకుంటె వెళ్లిపోవచ్చు కదా అనేటోళ్లను నేను అడిగేది ఒకటే. ఎవరింట్ల నుంచి ఎవరిని పొమ్మంటున్నవ్?

వయసుల ఉన్నప్పుడు నన్ను మార్చమని దేవుని అడిగిన. ఉపవాసాలున్న. మోకాళ్లు కాయలు కాసినయి గని నేను మారలే. ఒక పొద్దున మిద్దె మీద, చుట్టూ మసీదుల నుంచి అజాన్ ఒకదాని వెనక ఒకటి లేస్తుంటె, నాకు తిక్క లేచింది. "ఇగ నేను అడుగుడు బంద్. నా మీద నీకేమన్న అభ్యంతరముంటె నువ్వే వచ్చి చెప్పు" అన్న. పైకే అన్న, గట్టిగ. పక్క మిద్దె మీద పావురాలకు గింజలేసే చాచీ విని, "కిస్ సే లడ్రీ బేటీ?" అని అడిగింది. ఎవరితోటి కొట్లాటనట. దేవునితోటి అన్న. "అచ్ఛా, లడ్‌లే", సరే కొట్లాడుకో అని, ఆమె తన పావురాల పనిల పడ్డది.

అభ్యంతరం రాలే. అప్పటి నుంచి నా ప్రార్థన అంటె కొట్లాటనే. కాలేజీల కొట్లాడుత, ఇంట్ల కొట్లాడుత, మిద్దె మీద ఆయనతోటి కొట్లాడుత. ఒక్క చోటనే ఆ కొట్లాట ఉండదు. నెల మొదటి ఆదివారం, సంఘమంత రొట్టె పంచుకునే ప్రభు బల్ల దగ్గర. రొట్టె ముక్క నాలుక మీద పెట్టుకుని కండ్లు మూసుకుంట. ఆ కొంచెం సేపు నాకు ఎవ్వరితోటి పంచాయితీ లేదు, నాతోటి నాకు కూడ లేదు. మనశ్శాంతి అని పుస్తకాలల్ల రాస్తరు కదా, నాకు తెలిసిన మనశ్శాంతి ఆ ముక్కంతనే. అది నా చేతిల నుంచి పోతదేమో అన్నప్పుడు ఏం జరిగిందో చెప్తున్న.

నా మనిషి మొదలు మా మీది గదిల కిరాయికొచ్చింది. గుంటూరు వైపు పిల్ల. అఫ్జల్‌గంజ్‌ల ఒక ల్యాబ్‌ల రక్త పరీక్షల పని. వచ్చిన రోజే "బకెట్ ఎక్కడుందండీ?" అని మర్యాదగ అడిగింది. "కండ్లున్నయి కదా, చూసుకో" అన్న.

"మీ నోరు రోజూ ఇంతేనా, ఇవాళ నా కోసం ప్రత్యేకమా?" అన్నది.

అట్ల మొదలైంది. ఎట్ల ముదిరిందనేది మీకెందుకు. బయట నన్ను అక్కా అంటది, ఇంట్ల ఏమే అంటది. ఆదివారం నేను, అమ్మ, ఆమె ఒకే వరుసల కూసుంటం. ఏండ్లకు ఏండ్లు ఎవ్వలకు అనుమానం రాలే. పెండ్లి కాని ఇద్దరు ఆడోళ్లు, ఒక ముసలి తల్లి, పాపం అనుకున్నరు. పాపం అనిపించుకునుడు మస్తు సుఖం, ఎవ్వరు ఏం అడగరు.

చిక్కు ఎక్కడొచ్చిందంటె, ఆమె మాతోటి ఉండనీకి కిందికి దిగినంక మీది గది ఖాళీగ ఎందుకని ఒక కుటుంబానికి కిరాయికిచ్చినం. ప్రార్థనకని ఇంటికొచ్చిన ఆడోళ్లు గదులు లెక్కబెట్టిన్రు. కింద ఉన్నయి రెండు గదులు, ఒకటి అమ్మది. మిగిలిన లెక్క వాళ్లే చేసుకున్నరు.

ఆ వారంలనే పాస్టరు భార్య మా ఇంటికి ఒక్కతే వచ్చింది. నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లనే. సంఘమంత పాస్టరును అయ్యగారు, ఆమెను అమ్మగారు అంటది, ఆమె నన్ను ఇంకా టీచర్ అనే అంటది. నా మనిషి డ్యూటీల ఉన్నది. అమ్మ మంచం మీద పండుకున్నట్టు నటించుకుంట చెవులు రిక్కించింది.

"టీచర్, సంఘంల మాటలొస్తున్నయి."

"రానీ. మాటలకు బస్ పాస్ అక్కర లేదు కదా."

"నవ్వులాట కాదు టీచర్. పెద్దలు అయ్యగారి మీద పడుతున్నరు. వచ్చే ఆదివారం బల్ల ఉన్నది. మీరు ముందుగాల సాక్ష్యం చెప్పున్రి. తప్పు జరిగింది, ప్రభువు విడిపించిండు అని. రెండే మాటలు. ఆ అక్క వేరే ఇల్లు చూసుకుంటది."

"చెప్పకుంటె?"

ఆ పిల్ల నా మొహం చూడలే. "రొట్టె పళ్లెం మీ వరుసకు వచ్చినప్పుడు మిమ్ములను దాటి పోతది."

మంచం మీద నుంచి అమ్మ లేచి కూసున్నది. "నన్ను మట్టి చేసేటప్పుడు అయ్యగారు వస్తడా, రాడా? అది అడుగు ముందు."

"అమ్మమ్మా, గట్లెందుకంటవ్" అని పాస్టరమ్మ ఆమె కాళ్లు నొక్కింది. గేటు దాక పోయి మల్లా తిరిగింది. "టీచర్, ఈ నెల రొట్టె మీ ఇంటి వంతు. మర్చిపోకున్రి."

మా చర్చిల బల్లకు రొట్టె బయట కొనరు. నెలకొక ఇల్లు చేస్తది. మైదా, నీళ్లు, గంతే, ఉప్పు కూడ వెయ్యరు. పెనం మీద పల్చగ కాల్చి, చల్లారినంక చాకుతోటి చిన్న చిన్న ముక్కలు కోసి, తెల్లగుడ్డల చుట్టి తీసుకపోవాలె. పేరుకు అది మా అమ్మ వంతు. అమ్మ వేళ్లు వంకర్లు పోయినప్పటి నుంచి చేసేది నా మనిషి. సంఘమంత ఆమె చేతి రొట్టె తిన్నది. ఎవరు చేసిన్రని ఎవ్వలూ అడగలే, మేం చెప్పలే.

సాయంత్రం డ్యూటీ నుంచి రాంగనే ఆమెకు అంత చెప్పిన. చెప్పులు కూడ విప్పకుండ నిలబడి విన్నది.

"నేను కొన్నాళ్లు హాస్టల్లో ఉంటాను" అన్నది.

"ఉండు. పోతపోత నన్ను కూడ మడిచి పెట్టెల పెట్టుకో."

"ఎగతాళి చేయకు. నీకు ఆ బల్ల అంటే ఎంతో నాకు తెలుసు. రెండు మాటలేగా. చెప్పెయ్యి."

"అబద్ధం చెప్పి నోట్లె పెట్టుకుంటె ఆ రొట్టె గొంతు దిగుతదానే?"

"నిజం చెబితే అసలు నోటి దాకా రాదే."

ఆమె చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, అమ్మకు గోలీలిచ్చి, బియ్యం కడిగింది. నేను గోడకానుకుని చూస్తున్న. ఈ మనిషిని తప్పు అని మైకుల చెప్పాలె నేను.

శనివారం అమ్మ పంతం పట్టింది. ఈసారి రొట్టె నేనే చేస్త, ఎవ్వలు ముట్టొద్దు అన్నది. నేను నోరు తెరవబోయిన, నా మనిషి వద్దన్నట్టు చెయ్యి చూపి తలుపు దగ్గర నిలబడ్డది. అమ్మ పిండి తడిపింది. ముద్ద చేసింది. పీట మీద కర్ర పెట్టి ఒత్తితె వేళ్లు నిలువలే, కర్ర జారి కింద పడ్డది. తీసి మల్లా ఒత్తింది, మల్లా జారింది. అమ్మ కండ్లల్ల నీళ్లు. వయసుకా, నా మీదనా, ఆమె మీదనా, నాకు తెలువదు.

చివరికి కర్రను పీట మీద అడ్డంగ పెట్టి, తలుపు దిక్కు చూడకుండనే అన్నది, "నిలబడి తమాషా చూస్తున్నవేంది పిల్లా. పెనం కాలుతున్నది."

నా మనిషి వచ్చి కూసున్నది. అమ్మ పక్కనే కూసుని, "అంచులు మందమైతున్నయి, జర చూస్కో" అని సతాయించుకుంటనే ఉన్నది, రొట్టెలన్ని అయిపోయేదాక.

ఆదివారం పొద్దున చర్చి మెట్లెక్కే దాక నేనేం చెప్తనో నాకే తెలువదు. ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు "వందనాలు" అని చెయ్యి కలిపి, ఆమెకు కలపకుండ పక్కకు జరిగిన్రు. అమ్మ నడుమ కూసున్నది, నేనొక దిక్కు, ఆమె ఒక దిక్కు. అయ్యగారు నన్ను పిలిచిండు. కొంగు నెత్తి మీదికి లాక్కుని పోయి మైకు పట్టుకున్న. ముందు వరుసల పాస్టరమ్మ ఇంకో మైకు పట్టుకుని కూసున్నది, పాటలకు. మా ఇద్దరి నడుమ ఒక స్టూలంత జాగ.

"వయసుల ఉన్నప్పటి నుంచి నేను భయంతోటి బతికిన" అన్న.

"స్తోత్రం!" అన్నరు ఆడోళ్లు.

"నన్ను మార్చమని దేవుని కాళ్ల మీద పడ్డ."

"స్తోత్రం!"

"ఆయన నన్ను మార్చలే."

"స్తోత్రం!"

మా దగ్గర సాక్ష్యం వినుడు గట్లనే ఉంటది. చెప్పేటోళ్లు ఎక్కడ ఆగితె అక్కడ స్తోత్రం పడతది. ఏం చెప్పిన్రని కాదు, ఆగిన్రని. ఇంకో రోజైతె నవ్వొస్తుండె. ఆ రోజు మైకును నోటికి ఇంకింత దగ్గరికి గుంజుకున్న.

"మార్చకుండ, ఆయన నాకు ఒక మనిషిని ఇచ్చిండు. ఆ మనిషి ఇగో, ఈడనే..." అని నేను మా వరుస దిక్కు చెయ్యి లేపిన.

అప్పుడే పాస్టరమ్మ పాట ఎత్తుకున్నది. కీబోర్డు అందుకున్నది, డప్పు అందుకున్నది, హాలంత లేచి చప్పట్లు కొట్టింది. నేను ఆపలే. ఆ పాట లోపటనే నా మాట నేను పూర్తి చేసిన. "అమ్మ పక్కన కూసున్న ఆమెనే. ఆమె వచ్చినంకనే నాకు నీ మీద కోపం తగ్గింది ప్రభువా. ఆమెను నేను విడువను." మైకుల నా గొంతు నాకే వినబడలే. పాస్టరమ్మ నా దిక్కే చూసుకుంట పాడింది, రెప్ప కొట్టకుండ. పాట అయిపోంగనే అయ్యగారు చేతులెత్తి ప్రభువు గొప్ప కార్యం చేసిండు అన్నడు. హాలంత ఆమేన్ అన్నది.

నేను వచ్చి నా జాగల కూసున్న. పెద్దావిడ ఒకామె పళ్లెం పట్టుకుని మా వరుసకొచ్చింది. నాకిచ్చింది. అమ్మకిచ్చింది. నా మనిషి ముందల ఆగింది. ఆగి, ముందు వరుస దిక్కు తిరిగి చూసింది. పాస్టరమ్మ మెల్లగ ఇంకో పాట పాడుతున్నది, కండ్లు తెరిచే ఉన్నయి. తల ఊపింది. పళ్లెం కిందికి వంగింది. నా మనిషి తాను చేసిన రొట్టెల నుంచి ఒక ముక్క తీసుకున్నది.

నేను కండ్లు మూసుకున్న. ఎప్పటి శాంతి రాలే. గుండె దబదబ కొట్టుకుంటనే ఉన్నది. కని ఆ చప్పుడు కింద ఇంకోటి ఉన్నది, ఇంతకుముందు లేనిది. నేను దాచిపెట్టింది ఇంకేం లేదు అన్న ఒక తేలిక. దేవుని ఇంట్ల, దేవుని మైకుల, గట్టిగ చెప్పిన. ఎవరు విన్నరు, ఎవరు వినలే అనేది తరువాతి సంగతి.

ఇంటికొచ్చినంక నా మనిషి అన్నది, "నువ్వు అన్నది నేను విన్నాను. పెదాలు చూశాను."

"నువ్వొక్కదానివే విన్నవ్."

"చాలదా?"

"చాలదు."

"నీకు ఎప్పుడు చాలింది గనక" అని అన్నం వడ్డించింది.

అప్పటి నుంచి మేం ముగ్గురం అదే వరుసల కూసుంటున్నం, పళ్లెం వస్తున్నది, తీసుకుంటున్నం. మిద్దె మీద ఆయనతోటి నాకు ఆ ఒక్క విషయంల కొట్లాట అయిపోయింది. మిగిలినయి నడుస్తున్నయి. ఆ తేలికను ఇప్పుడు ఏ పళ్లెం దాటిపోయినా ఎవ్వలూ గుంజుకోలేరు. కని ఈ సంఘం నన్ను కూసోనిచ్చింది నా నిజాన్ని ఒప్పుకుని కాదు, నేను చెప్పని అబద్ధాన్ని నమ్మి. అది నాకు అరగదు. మల్లా లేచి మైకు పట్టుకుంట అంటె అమ్మ దండం పెడ్తది, నా మనిషి మాట్లాడుడు మానేస్తది.

నేనన్నది మొత్తం వినే అంత దగ్గర కూసున్నది పాస్టరమ్మ ఒక్కతే. ఆ తరువాత ఆమె మా ఇంటి సంగతి ఎన్నడూ ఎత్తలే, ఎత్తినోళ్లను కూడ ఊకోమన్నదట. ఒకసారి ప్రార్థన అయిపోయినంక చెప్పుల దగ్గర ఆపి అడిగిన, "ఆ రోజు నా మాట మొత్తం విన్నవా?" అని.

"ఆ రోజు పాట అందరు మస్తు పాడిన్రు టీచర్" అని, కొంగు సర్దుకుని పోయింది.

పోనిచ్చిన గని, వదలలే. ఆమె ఎదురుపడ్డప్పుడల్ల అదే అడగాలనిపిస్తది. ఆ పాట నా నోరు మూయడానికి ఎత్తుకున్నవా బిడ్డా, మా ఇల్లు నిలబెట్టడానికి ఎత్తుకున్నవా?