పేరడక్కుండా ఎత్తుకున్న పిల్ల

"పాప మీకేమవుతుందండీ?" అని టీసీగారు అడిగేరు.

"ఏమీ అవదండి," అన్నాను.

"వాళ్ళమ్మ పేరు?"

"తెలీదండి."

"పోనీ ఏ ఊరు?"

"అదీ తెలీదండి."

"రాజమండ్రి నుంచి పక్కపక్కనే కూచుని వచ్చేరటగా!"

"ఆయ్," అన్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఒళ్ళో ఏడెనిమిది నెలల ఆడపిల్ల నా ముక్కుపుడక పట్టుకుని లాగుతోంది. దాని తల్లి సామర్లకోటలో ఉండిపోయింది. రైలు తుని వైపు పరిగెడుతోంది. డెబ్భై ఏళ్ళు వచ్చాయి నాకు. అంతగా హడలిపోయిన రోజు అంతకు ముందు లేదు.

మొన్న మనవరాలు ఒక్కర్తీ ప్రయాణమవుతూ, "మామ్మా, జాగ్రత్తలు చెప్పవా?" అంది. వెనకటికైతే గడగడా చెప్పేదాన్ని. దార్లో ఎవరితోనూ మాట్లాడకు, ఎవరిచ్చిందీ తినకు, ఎక్కడికెళ్తున్నావో చెప్పకు. ఈసారి నోరు తెరిచి మళ్ళీ మూసేను. ఆ రైలు గుర్తొచ్చింది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, రాత కుదురుగా రాదు. అయినా ఇది కాగితం మీద పెట్టే ఇస్తానన్నాను దానికి.

మా కోనసీమలో బస్సెక్కి కూచోగానే పక్కవాళ్ళు అడిగే మొదటి మాట, "మనది ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" అని. చెప్పేమంటే రెండు స్టాపులు దాటేలోగా మేనత్త తోడికోడలి వైపు నుంచి ఏదో చుట్టరికం తేలుస్తారు. ఒకప్పుడు నేనూ చెప్పేదాన్నే. ఒకసారి అమలాపురం బస్సులో, ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్తున్నాం, రెండ్రోజులు రామండీ అని చెప్పేను. తిరిగొచ్చేసరికి దొడ్లో కొబ్బరికాయల రాశి అడుగంటా ఎత్తుకుపోయేరు. ఆ బస్సులో విన్నవాళ్ళే చేసేరో లేదో దేవుడికి తెలియాలి. నేను మాత్రం ఆ రోజు నుంచి ప్రయాణంలో నోటికి తాళం వేసేను. ఇంట్లో అందరి చేతా వేయించేను.

ఒక్క అలవాటు మాత్రం పోలేదు. వంతెనలు రాక ముందు గోదావరి పంటు మీద దాటేవాళ్ళం. బల్లకట్టులాంటిదే పంటంటే, మనుషులూ బళ్ళూ అన్నీ దాని మీదే. ఎక్కేటప్పుడు చంటిపిల్ల తల్లి కింద నుంచి పిల్లని పైకి చాపేది. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు అందుకునేవారు. ఎవరి పిల్ల అని అడగడం లేదు. అవతల రేవులో దిగేక, అందుకున్నవాళ్ళే తల్లి చేతిలో పెట్టాలి. మధ్యలో ఇంకో చేతికి మార్చకూడదు. మా అమ్మ నాకు నేర్పింది అదే.

పోయిన వేసవిలో విశాఖపట్నంలో ఉన్న మా చెల్లెలికి కంటి ఆపరేషన్ పడింది. మా అబ్బాయి, "కొబ్బరి దింపు సగంలో ఉందమ్మా, రెండ్రోజులు ఆగు, నేనే దింపుతాను," అన్నాడు. దాని ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే. ఆగనన్నాను. పులిహోర పొట్లం, మంచినీళ్ళ సీసా పట్టుకుని రాజమండ్రిలో ఒక్కదాన్నీ రైలెక్కేను.

నాది కిటికీ సీటు. ఎదురుగా యాభై ఏళ్ళ మనిషి, కాళ్ళ దగ్గర ఎండుచేపల సంచి. కూచున్న నిమిషానికే జంతికల పొట్లం విప్పి నా ముందు పెట్టింది.

"తీసుకోండి మామ్మగారూ. ఇంట్లో చేసినవే."

"వద్దమ్మా."

"మాది కాట్రేనికోనండీ. అనకాపల్లిలో అమ్మాయి దగ్గరకి. మనది ఏ ఊరండీ?"

"ఇక్కడే," అన్నాను.

"ఇక్కడే అంటే? ఈ రైల్లోనే పుట్టేరా ఏటండీ?"

పక్క సీటులోవాళ్ళు నవ్వేరు. నేను కిటికీ వైపు మొహం తిప్పేసుకున్నాను. ఆమె పొట్లం కట్టేసి ఊరుకుంది.

నా పక్కన పాతికేళ్ళ పిల్ల, ఒళ్ళో పాప. ఆ అమ్మాయీ ఎవరితోనూ మాట్లాడలేదు. బుద్ధిమంతురాలు అని మనసులో మెచ్చుకున్నాను కూడాను. అలా సామర్లకోట దాకా మా వరుసలో ఒక్కళ్ళూ పలకలేదు.

సామర్లకోటలో రైలాగేసరికి పాప పాలకి గుక్కపట్టింది. ఫ్లాస్కు తిరగేస్తే చుక్క రాలేదు. ఆ అమ్మాయి సీసా పట్టుకుని లేచి, "వేణ్ణీళ్ళు తెస్తానండీ, ఒక్క నిమిషం," అని పిల్లని నా వైపు చాపింది. చేతులు వాటంతటవే వెళ్ళి అందుకున్నాయి. అదే ఆమె నాతో అన్న మొదటి మాట.

రైలు కదిలింది. వెనక పెట్టెలో ఎక్కి ఉంటుందిలే, నడిచి వస్తుందిలే అనుకున్నాం. చూసేం, చూసేం. ఊరు దాటి పొలాలొచ్చేయి. వచ్చేవాళ్ళు పల్లీలమ్మేవాళ్ళే. 

"ఫోన్ చెయ్యండి," అన్నారెవరో. ఆ అమ్మాయి సంచి వెతికితే ఫోన్ లేదు. ఆమె చేతిలోనే ఉండి ఉంటుంది. మా ఎవరి నంబరూ ఆమెకి తెలీదు, ఆమెది మాకు తెలీదు. పేరే తెలీదు!

అవతలి వరుసలో ఒకాయన పేపరు మడిచి అన్నాడు. "ఆడపిల్ల కదండీ. కావాలనే వదిలేసి ఉంటుంది. రోజూ వినడంలేదా?"

ఇంకొకాయన నా వైపు చూసి, "ఈవిడకి ఏమీ తెలీదంటే నమ్మడమెలా? ముందు టీసీని పిలవండి," అన్నాడు.

 కొబ్బరికాయలు పోయిన రోజున దొంగలు ఇలా ఉంటారు, అలా ఉంటారు అని ఎంత మాట్లాడేను! ఇప్పుడు పెట్టెలో సగంమంది కళ్ళకి నేనే పిల్లల దొంగని.

ఎదుటి మనిషి వైపు తిరిగి, "నువ్వు అందర్నీ అడుగుతావు కదమ్మా, ఆ పిల్లనైనా అడగలేదా?" అన్నాను.

"అడుగుదామనే అనుకున్నానండీ. మీరు మొహం తిప్పుకున్నారు కదా. ఈ వరుసలో మాటలు పనికిరావు కాబోలని మూసుక్కూచున్నాను."

చెంప మీద కొట్టినట్టయింది. నా నోరు ఒక్కటే మూసుకున్నాననుకున్నాను. అందరి నోళ్ళూ మూయించేనని అప్పుడు తెలిసింది.

ఆమె వంగి సీటు కింద చెయ్యి పెట్టింది. ఒక జత చెప్పులు పైకి తీసింది. ఆడవాళ్ళ చెప్పులు, కొత్తవి, మడమ దగ్గర అంటించిన చీటీ కూడా పోలేదు.

"ఇవి చూడండి బాబూ," అంది ఆ పేపరాయనతో. "ఎండకి ప్లాట్‌ఫారం పెనంలా కాలుతోంది. పిల్లని వదిలేసి పోయే మనిషి చెప్పులేసుకుని పోద్ది. ఒట్టికాళ్ళతో దిగిందంటే మళ్ళీ ఎక్కుదామనే దిగింది."

ఆయన పేపరు విప్పుకున్నాడు. నేను పిల్లని గట్టిగా పట్టుకున్నాను. అంతవరకూ నాలోనూ ఆ అనుమానం ఒక మూల ఉంది. ఆ చెప్పులు చూసేకే పోయింది.

టీసీగారు వచ్చి నన్నడిగింది అప్పుడే. ఆయన ఫోన్ చేసి కనుక్కుంటే సామర్లకోటలో ఒకమ్మాయి ఏడుస్తోందిట, వెనక రైల్లో ఎక్కించేరట. "తునిలో పాపని పోలీసులకిచ్చెయ్యండి. మీరు ఇదే రైల్లో వెళ్ళిపోవచ్చు," అన్నారు.

"నా చేతికిచ్చిందండి. నా చేతిలోంచే తీసుకోవాలి," అన్నాను. నా టిక్కెట్టు ఉంది, చెల్లెలుంది, అన్నీ తెలుసు. దిగిపోయేను. వెనకాల ఎండుచేపల సంచి ఈడ్చుకుంటూ కాట్రేనికోన మనిషి కూడా దిగింది.

"నువ్వెందుకమ్మా?"

"మీరొక్కరూ ఏం చేస్తారండీ? నోరు విప్పరు కదా!"

తుని స్టేషన్లో బెంచీ మీద కూచున్నాం. ఆడ కానిస్టేబులు ఒకమ్మాయి వచ్చింది. కాట్రేనికోన మనిషి వేణ్ణీళ్ళు తెచ్చింది. పాల డబ్బా మీద కొలత ఇంగ్లీషులో ఉంటే కానిస్టేబులమ్మ చదివి చెప్పింది. పాప సంచిలో దొరికిన ఉగ్గుగిన్నెతో పట్టేను. తాగి, నా చీర మీద కాస్త కక్కి, పడుకుంది. ఈలోగా వెనక రైల్లో ఉన్న తల్లికి ఫోన్ కలిపేరు. అటు నుంచి ఏడుపు తప్ప మాట లేదు. కానిస్టేబులమ్మ ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"పాలు తాగిందమ్మా. పడుకుంది."

"మీరు... మీరెవరండీ?"

అప్పుడు చెప్పేను. నా పేరు, మా ఊరు, ఇంటిపేరు, మా ఆయన పేరు, పుట్టిల్లు ఏ ఊరో, ఎవరి తాలూకో, గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పేను. స్టేషనంతా విన్నా సరే అనుకున్నాను.

అవతల ఏడుపు ఆగింది. తర్వాత, "మామ్మగారూ, మాది మీ పక్క ఊరేనండీ. కాలవ అవతల, కొబ్బరి కొట్టు వాళ్ళ కోడల్ని," అంది.

 ఈ కోడలు కాపరానికి రాక ముందు వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళి భోజనం చేసొచ్చిన మనిషిని నేను! మా ఇంటి ముందు నుంచే ఆ పిల్ల ఆటోలో వెళ్తుందిట. రెండు మైళ్ళ దూరంలో ఉన్నవాళ్ళం గంటసేపు భుజం భుజం తగిలేలా కూచుని, ఒకళ్ళకొకళ్ళు ఎవరమో తెలీకుండా వచ్చేం.

"పక్కన కూచున్న మనిషిని పలకరించవచ్చు కదే?"

"మా ఆయన కతార్ నుంచి ఫోన్ చేసి చెప్పేరండీ, రైల్లో ఎవరితోనూ మాట్లాడొద్దని."

కాట్రేనికోన మనిషి జంతికల పొట్లం మళ్ళీ విప్పింది. ఈసారి ఆమె అడగలేదు. నేనే తీసుకున్నాను. కాస్త ఉప్పెక్కువైంది. చెప్పలేదు.

వెనక రైలు పూర్తిగా ఆగక ముందే ఆ పిల్ల దూకేసింది. అరికాళ్ళు బొబ్బలెక్కేయి. పిల్లని నా చేతుల్లోంచి ఆమె చేతుల్లో పెట్టేను. ఆమె పిల్ల మెడలో మొహం పెట్టి కూలబడిపోయింది. కాట్రేనికోన మనిషి చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది.

"పేరూ ఊరూ తెలీని మనిషి చేతికి పిల్లనిస్తారా ఎవరైనా?" అని గట్టిగానే కేకలేసేను.

తలెత్తకుండానే అంది, "చేతులు చాపేరు కదండీ."

కానిస్టేబులమ్మ చెప్పి పెట్టింది, ఆ రైల్లోనే ముగ్గురమూ ఎక్కేం. పెట్టె కిక్కిరిసి ఉంది. ఎవరో లేచి నాకు చోటిచ్చేరు. ఇంకా కొంగు సర్దుకోలేదు, గుమ్మం దగ్గర నుంచి ఒకావిడ, చంకలో ఏడాది పిల్లాడు, "మామ్మగారూ, కాస్త పట్టుకోండి," అంటూ వాణ్ణి జనం మీదుగా చాపింది. నా చేతులు ఎప్పట్లాగే ముందుకు వెళ్ళేయి. వాడి చంకల కింద పట్టుకున్నాను గానీ ఇంకా ఒళ్ళోకి తీసుకోలేదు.

"ముందు నీ పేరు చెప్పమ్మా," అన్నాను పెట్టెంతా వినపడేలా. "మనది ఏ ఊరు? ఎవరి తాలూకు?"